చెట్ల డాక్టరు చెవి

పార్కుల ఆఫీసులో ఆయన్ని అందరూ చెట్ల డాక్టరు అనేవారు. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆయన పని ఒకటే: పుట్టగొడుగు పట్టిన పెద్ద చెట్టు దగ్గరికి వెళ్ళి, కొయ్య సుత్తితో మాను చుట్టూ కొట్టి, చెవి ఒగ్గి వినడం. గట్టిగా ఉన్నచోట ఖంగుమంటుంది, డొల్లయినచోట ఖాళీ డబ్బాలా మోగుతుంది. పుట్టగొడుగు కనబడగానే గొడ్డలి ఎత్తేవాళ్ళంటే ఆయనకి ఒళ్ళుమంట. "లోపల పుచ్చినా చుట్టూ గట్టి చెక్క ఉంటే నిలబడుతుందయ్యా!" అని పోట్లాడి ఎన్ని చెట్లను బతికించాడో!

అలాంటి మనిషి పోయిన నెల బడి ముందరి చెట్టు కొట్టెయ్యమని రాసిచ్చాడు. కొట్టేశాక చూస్తే మొద్దు నిండా చేవే. అప్పుడర్థమైంది ఆయనకి: ఖంగుమనే మోత తన చెవికి అందడం మానేసింది. కుక్కర్ విజిల్ వినక రెండుసార్లు అన్నం మాడబెట్టినప్పుడే చెవులు చూపించుకోమని భార్య చెప్పింది. ఆయన వింటేగా!

ఇప్పుడు ఆసుపత్రి ఆవరణలోని నిద్రగన్నేరు చెట్టు వంతు. మాను అడుగున పళ్ళేలంత పుట్టగొడుగులు. దాని నీడలోనే రోగుల బంధువులు పొద్దంతా కూర్చుంటారు. ఉంచమని తప్పు చెబితే మనుషులు పోతారు, కొట్టెయ్యమని తప్పు చెబితే ఇంకో మంచి చెట్టు పోతుంది. ఆయన భార్యను వెంటబెట్టుకు వెళ్ళాడు.

"నేను కొడతాను. ఎలా వినబడిందో చెప్పు."

"చెట్ల సంగతి నాకేం తెలుసండీ?"

"అది నాకొదిలెయ్. నీ చెవి చాలు."

ఆమె కళ్ళు మూసుకుని చెబుతుంటే ఆయన సుద్దతో గుర్తులు పెట్టాడు. రోడ్డు వైపు మూరెడు మేర డొల్ల, తక్కినదంతా గట్టి. ప్రతి రంధ్రమూ చెట్టుకి కొత్త పుండే కాబట్టి, సన్నటి బర్మాతో రెండేచోట్ల తొలిచి చూశాడు. ఆమె చెప్పినట్టే ఉంది.

ఇంతలో ఇంజనీరు వచ్చాడు. "ఏం డాక్టరుగారూ, కొట్టేద్దామా?"

"వద్దు సార్. కొమ్మల బరువు కొంత దించి, బెంచీలు అవతలికి జరిపిస్తే చాలు. ఏటా చూస్తుండాలి."

"మీరు చెప్పాక ఇంకేముంది!"

ఆ నమ్మకాన్ని ఆయన తట్టుకోలేకపోయాడు. "విన్నది నేను కాదు సార్, మా ఆవిడ. నాకు చెవులు పోయాయి. బడి చెట్టు నా వల్లే పోయింది."

ఇంజనీరు బర్మా పొట్టు వేళ్ళతో నలిపి చూశాడు. తల దించుకుని నెమ్మదిగా ఏదో చెప్పి వెళ్ళిపోయాడు. ఆ మాటలు అందని చెట్ల డాక్టరు, భార్య వైపు తిరిగాడు.

"ఏమన్నాడు?"

ఆమె ఆయన చెవి దగ్గరికి వచ్చింది. "చెట్టు ఉంచుతారట."

"ఇంకేదో కూడా అన్నాడే?"

"అది ఇంటికెళ్ళాక చెబుతానండీ" అంటూ సుత్తి తను అందుకుని, ఆయన చెయ్యి పట్టుకుంది.