ఆగిన రైల్లోంచి దూకానండోయ్!

మొన్న తెనాలి స్టేషన్లో నా పరువు రెండుసార్లు పోయిందిరా! ఒకే బండిలో!

మీకు తెలుసుగా, కదిలే బండి దిగడంలో బాపట్ల నుంచి రేపల్లె దాకా నన్ను మించినోడు లేడు. వెనక్కి వంగి, బండి పోయేవైపే పరిగెత్తాలి. ఒకసారి అట్టా దిగితే బండికంటే ముందు నేనే చీరాల చేరా! నవ్వకండెహె.

బావమరిది గృహప్రవేశమని నేనూ మీ వదినా రేపల్లె బండెక్కాం. తెనాలిలో మంచినీళ్ళకి దిగుతూ మీ వదిన గట్టిగా చెప్పింది.

"పోయినసారి బాపట్లలో నన్నొదిలేసి పోయారు. ఈసారీ వదిలేశారో, పుట్టింట్లోనే ఉండిపోతా. వండుకు తినండి!"

నేను కిటికీలోంచి పక్క బండిని చూస్తున్నా. ఉన్నట్టుండి మాది కదిలింది! మీ వదిన రాలేదు! బ్యాగు పట్టుకుని, వెనక్కి వంగి, ఒక్క దూకు!

కదిలింది పక్కదిరా! మాది అక్కడే ఉంది! వంగినోణ్ణి వంగినట్టే వెల్లకిలా పడ్డా. నా కాలు తగిలి, అప్పుడే వచ్చిన మీ వదిన చేతిలో నీళ్ళసీసా ఎగిరిపోయింది.

"ఏవండీ, ఇక్కడ పడుకున్నారేంటి?" అంది మీ వదిన. మళ్ళీ నీళ్ళకి పోయింది.

నేను మళ్ళీ ఎక్కి కూర్చుంటే, ఎదురు సీట్లో ఎవరో సైన్సు మాస్టారట, ఒకటే నవ్వు. "బాబాయ్, పక్క బండి కదిలితే మనం కదిలినట్టుంటుంది. సూర్యుడి సంగతీ అంతే. తిరిగేది మన భూమి, మనమేమో ఆయన అటు నుంచి ఇటు పోయాడంటాం. దేన్ని చూసి చెప్తున్నామన్నదే అసలు సంగతి" అని చెప్పి కునుకు తీశాడు.

ఓస్, ఇంతేనా! ఐదో క్లాసుతో ఆపాగానీ, నాకు టక్కున ఎక్కింది. ఈలోగా పక్కన ఇంకో బండొచ్చి ఆగింది.

కాసేపటికి పక్క సీట్లో ముసలావిడ కంగారుపడింది. "నాయనా, బండి కదిలింది! మీ ఆవిడేదీ?"

"పిన్నిగారూ, మీకు సైన్సు తెలీదు. కదిలేది పక్కది. చూడండి, ఎట్టా వెనక్కి పోతోందో!" కాలు మీద కాలేసుకున్నా.

పక్క బండి అయిపోయింది. కొబ్బరిచెట్లొచ్చాయి, వరిచేలొచ్చాయి. అన్నీ వెనక్కే!

"ఆ చేలక్కూడా చక్రాలున్నాయా నాయనా?" అందావిడ.

కదిలింది మాదేరా! వేమూరులో ఆగీ ఆగకముందే దిగా. చూద్దునుగదా, ఆఖరి పెట్టెలోంచి మీ వదిన! పరిగెత్తి అందుకుందట. చేతిలో నీళ్ళసీసా నిండుగానే ఉంది.

"బండి కదల్లేదనుకున్నానే..."

"బండి కదిలింది, జనం కదిలారు, నేనూ కదిలా. కదలంది మీరొక్కరే!"

గృహప్రవేశం భోజనాలు బ్రహ్మాండం! మీ వదిన పుట్టింట్లో ఉండిపోలేదు కూడా. కాకపోతే తిరుగు ప్రయాణంలో నన్ను బస్సులో తీసుకొచ్చింది. కిటికీ పక్కన తను కూర్చుని, "మీరు మాత్రం బయటికి చూడకండి" అంది!