ల్యాండ్‌లార్డ్‌కి దండం పెట్టిన శనివారం

ఆ రోజుల్లో కెనడాలోని ఏజాక్స్‌లో పార్ట్‌టైమ్ ఉద్యోగం దొరకడం కష్టం, గది దొరకడం ఇంకా కష్టం, ఆ గదికి తలుపు కూడా ఉండాలంటే మాత్రం పెట్టి పుట్టాలి. విమానాల నిండా మేమే దిగేవాళ్ళం. ఒక చేతిలో కాలేజీ అడ్మిషన్ లెటర్, ఇంకో చేతిలో ఆవకాయ జాడీ. ఎనిమిదిమందిమి ఒక బేస్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. ఒకటే బాత్‌రూమ్. దాని తలుపు మీద టైమ్‌టేబుల్ అతికించినవాడు వరంగల్ కుర్రాడు, వాణ్ణి మేం లీడర్ అనేవాళ్ళం. నా టైమ్ ఆరూ పది నుంచి ఆరూ ఇరవై. (ఆరూ పంతొమ్మిదికే తలుపు మీద దెబ్బలు మొదలయ్యేవి.) నా పరుపు ఇల్లంతటికీ వేడిగాలి పంపే ఫర్నేస్ పక్కన ఉండేది. అమ్మకు వీడియో కాల్ చేసినప్పుడు గోడకి ఆనుకుని కూర్చునేవాణ్ణి, వెనకాల ఏడుగురు కనబడితే ఆవిడ కంగారు పడుతుందని. "గది బాగుందిరా, గోడ తెల్లగా ఉంది" అని మా అమ్మ మురిసిపోయేది.

నాకు గది ఎలా దొరికిందంటే, ఒక టీషర్ట్ వల్ల దొరికింది. క్లాసులు లేనప్పుడు నేను ఒక కిరాణా స్టోర్‌లో బిల్లింగ్ కౌంటర్ దగ్గర పనిచేసేవాణ్ణి. ప్రతి బుధవారం ఒక ఇంగ్లీషు పెద్దావిడ చేతికర్ర పట్టుకుని వచ్చేవారు. తుంటి ఎముక ఆపరేషన్ అయింది కాబట్టి ఆవిడ సంచులు నేను టాక్సీ దాకా మోసేవాణ్ణి. మనసులో ఆవిడకు మామ్మగారు అని పేరు పెట్టుకున్నాను. ఒక బుధవారం యూనిఫామ్ చొక్కా ఆరకపోతే, తెనాలి బజార్లో కొన్న కుస్తీ వీరుడి బొమ్మ టీషర్ట్ మీదే ఏప్రన్ కట్టుకుని నిలబడ్డాను. మామ్మగారు ఆ బొమ్మనే చూస్తూ, "కుస్తీ చూస్తావా నాయనా?" అన్నారు. (ఆవిడ అన్నది ఇంగ్లీషులోనే. నా చెవికి మాత్రం ఎప్పుడూ తెలుగులోనే వినిపించేది.)

"చిన్నప్పుడు టీవీలో చూసేవాణ్ణి మేడమ్. మా తాతయ్యయితే అదంతా నిజమైన కొట్లాటేనని నమ్మేవాడు."

"కాదని ఎవరన్నారు?" అంటూ ఆవిడ కర్రతో నేల మీద ఒక్కటిచ్చారు. నా వెనకున్న చూయింగ్ గమ్ స్టాండ్ అదిరింది. తర్వాతి బుధవారానికల్లా, వాళ్ళ ఇంట్లో మేడ మీద గది ఖాళీగా ఉందనీ, కుస్తీ గురించి మాట్లాడేవాళ్ళు లేక నోరు పాచిపోతోందనీ చెప్పారు.

గదికి తలుపుంది. కిటికీ ఉంది. కిటికీలోంచి చూస్తే ఒక మేపుల్ చెట్టు కూడా ఉంది. ఆ గదిలో మొదటి రాత్రి తలుపు నాలుగుసార్లు తీసి, నాలుగుసార్లు వేసుకున్నాను, అంత సంబరం. అమ్మకు ఫోన్‌ని గుండ్రంగా తిప్పి నాలుగు గోడలూ చూపించాను. కానీ ఒక మెలిక ఉంది. మామ్మగారి కొడుకు ఓక్‌విల్‌లో కార్ల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు, ఇంట్లోనూ సూపర్‌వైజరే. తల్లి ఇంట్లో ముక్కూ మొహం తెలియని స్టూడెంట్ ఉండడం అతనికి సుతరామూ ఇష్టం లేదు. మొదటి ఆదివారమే నన్ను వంటింట్లో నిలబెట్టి, "ఒక నెల చూస్తాను. అమ్మకు తుంటి ఇంకా గట్టిపడలేదు. బయట కర్ర లేకుండా నడవకూడదు, ఆవేశపడకూడదు, జనంలోకి వెళ్ళకూడదు. ఏదైనా తేడా వస్తే నీ సూట్‌కేస్ నువ్వు సర్దుకోవాల్సిందే" అన్నాడు. నేను తల ఊపాను. మనం ఊపే పద్ధతిలో ఊపేసరికి అది ఔనో కాదో అతనికి అర్థం కాలేదు, మళ్ళీ మొదట్నుంచీ చెప్పాడు.

సాయంత్రాలు టీ తాగుతూ మామ్మగారు తన చిన్ననాటి కుస్తీల గురించి చెప్పేవారు. ఇంగ్లండ్‌లో ఉత్తరాన ఒక మిల్లుల ఊరు. శనివారం వస్తే టౌన్‌హాల్లో పోటీలు. వాళ్ళ నానమ్మ ముందు వరసలో కూర్చుని ఊలు అల్లుకుంటూ ఉండేదట, విలన్ తాళ్ళ పక్కకు దొర్లాడంటే అల్లిక సూదితో ఒక్క పోటు పొడిచేదట. మర్నాడు చర్చిలో అదే విలన్ పెళ్ళాం పిల్లలతో కనబడితే, "భుజం ఎలా ఉందయ్యా?" అని ఆప్యాయంగా అడిగేదట. "పెద్దయ్యాక నేను కూడా ఒక విలన్‌ని హ్యాండ్‌బ్యాగ్‌తో కొట్టాలనుకున్నాను. ఈలోగా పెళ్ళయింది, కెనడా వచ్చేశాం, పిల్లాడు పుట్టాడు. ఈ దేశంలో ఒక్కణ్ణంటే ఒక్కణ్ణి కొట్టలేదు" అని నిట్టూర్చేవారు. ఏ కాశీయాత్రో మిగిలిపోయినట్టు ఉండేది ఆ నిట్టూర్పు.

మూడో వారంలో మా స్టోర్ నోటీసు బోర్డు మీద పోస్టర్ పడింది. శనివారం మధ్యాహ్నం, కమ్యూనిటీ హాల్లో కుస్తీ పోటీలు. నేను నోరు మూసుకుని ఉండొచ్చు. కానీ ఆ నిట్టూర్పు గుర్తొచ్చి చెప్పేశాను. కొడుకు ఫోన్ చేస్తే మామ్మగారు, "శనివారం లైబ్రరీకి వెళ్తున్నాం" అని ఎంత చల్లగా అబద్ధమాడారో, పక్కన నిలబడ్డ నాకు చెమటలు పట్టాయి. వీడియో తీస్తానని లీడర్ కూడా తయారయ్యాడు. "అరే, అవ్వకు ఏమన్నయితే నీ రూమ్ గోవిందా. మళ్ల మా దిక్కు వస్తే ఫర్నేస్ పక్కన జాగ కూడ లేదు, ఆడ కొత్త పోరడు వచ్చిండు" అని ముందే చెప్పాడు.

హాల్లో రెండు మూడు వందలమంది ఉంటారు. తాళ్ళు కట్టిన అరుగు చుట్టూ మడత కుర్చీలు. మేం ముందు వరసలోనే కూర్చున్నాం. మామ్మగారు ఒళ్ళో హ్యాండ్‌బ్యాగ్ పెట్టుకున్నారు, అందులో టాఫీల రేకుడబ్బా ఉంది. చివరి పోటీకి విలన్ వచ్చాడు. వాడి పేరు ల్యాండ్‌లార్డ్. నల్ల కోటు, మెడలో పెద్ద తాళాల గుత్తి, చేతిలో 'అద్దె పెంచడమైనది' అని రాసిన కాయితాలు. అవి జనం మీదకి విసురుతూ, "చలికాలంలో హీటర్ కట్!" అని అరిచాడు. ఆ ఊళ్ళో అద్దెకుండని వాళ్ళెవరు? హాలంతా ఒకే గొంతుతో "బూ..." అంది. అందరికంటే గట్టిగా అన్నది మామ్మగారు. "మీరూ ల్యాండ్‌లేడీయే కదా మామ్మగారూ?" అంటే, "నేను హీటర్ కట్టేశానా?" అని నా మీదే కళ్ళెర్రజేశారు.

హీరో ఎర్ర చెడ్డీ వేసుకున్న బక్క కుర్రాడు. తన్నులు తినీ తినీ చివరికి పుంజుకుని, ల్యాండ్‌లార్డ్‌ని తాళ్ళ మీంచి బయటికి విసిరేశాడు. ఆ భారీ మనిషి దొర్లుకుంటూ వచ్చి సరిగ్గా నా ముందు పడ్డాడు. భయపడి కాళ్ళు వెనక్కి లాక్కోబోతే నా బూటు వెళ్ళి వాడి తలకు తగిలింది. కాలు, తలకి! అంతే, నేనేం చేస్తున్నానో నాకు తెలియదు. అమ్మ చేతిలో ఇన్నేళ్ళు పెరిగిన ఒళ్ళు దానంతటదే వంగింది. వాడి భుజం తాకి, ఆ చెయ్యి కళ్ళకద్దుకున్నాను. ఒకసారి సరిపోదేమోనని రెండోసారి కూడా అద్దుకున్నాను.

ల్యాండ్‌లార్డ్ పడుకునే ఒక కన్ను తెరిచి నన్ను చూశాడు. చాలా ఏళ్ళు అనుభవం ఉన్నవాడిలా ఉంది, ఇట్టే అందిపుచ్చుకున్నాడు. మెల్లగా లేచి, రొమ్ము విరుచుకుని, నా నెత్తిన చెయ్యిపెట్టి మఠాధిపతిలా దీవించాడు. పైన హీరో నోరు తెరిచి నన్నే చూస్తుండిపోయాడు. ఆ సందులో ల్యాండ్‌లార్డ్ పైకెక్కి, వెనకనుంచి తాళాలగుత్తితో ఒక్కటేసి పోటీ గెలిచేశాడు. ఇక చూడండి! హాలంతా లేచి నన్ను చూసి "బూ!" అంది. ఎనిమిదేళ్ళ పిల్ల ఒకతి నా మీదికి పాప్‌కార్న్ విసిరింది. "అరే, వానికెందుకు దండం పెట్టినవ్‌రా!" అని లీడర్ వీడియో తీస్తూనే మొత్తుకున్నాడు.

గెలిచిన ల్యాండ్‌లార్డ్ కావాలనే మళ్ళీ మా వరస ముందుకొచ్చి తాళాలు గలగలలాడించాడు. పక్కన కర్ర కిందపడిన చప్పుడైంది. చూస్తే మామ్మగారు నిటారుగా నిలబడి ఉన్నారు, ఊతం లేకుండా. రెండు అడుగులు ముందుకేసి హ్యాండ్‌బ్యాగ్ గిరగిరా తిప్పారు. మొదటి దెబ్బకి ల్యాండ్‌లార్డ్ వంగి తప్పించుకున్నాడు, అది సరాసరి నా చెవికి తగిలింది. (రేకుడబ్బా వైపే.) రెండోది వాడి మోచేతికి మెత్తగా అలా తాకిందో లేదో, అంతలేసి మనిషీ పిడుగు పడ్డట్టు వెల్లకిలా పడిపోయి గిలగిలా కొట్టుకున్నాడు. తాళాలగుత్తి ఎగిరి అవతల పడింది. జనం కేకలతో హాలు పైకప్పు లేచిపోయింది. మామ్మగారు రెండు చేతులూ పైకెత్తి ఏడుస్తూ నవ్వుతున్నారు. ఆ పడిపోయినవాడికి నేను నిజంగా దండం పెట్టాల్సింది అప్పుడు. ఆవిడ యాభై ఏళ్ళ కోరికను ఒక్క క్షణంలో అర్థం చేసుకుని నేలమీద పడ్డ ఆ మహానుభావుడి అసలు పేరు కూడా నాకు తెలియదు.

లీడర్ ఊరుకుంటాడా, ఆ సాయంత్రమే వీడియో పెట్టేశాడు. ఆదివారం పొద్దున్నే ఓక్‌విల్ నుంచి కారొచ్చింది. దాని చప్పుడు వినగానే నేను మేడ మీద సూట్‌కేస్ సర్దేసి, మేపుల్ చెట్టును ఆఖరిసారి చూసుకుని, కిందికి దించుకొచ్చాను. కొడుకు వంటింటి బల్ల మీద ఫోన్ పెట్టి వీడియో మొత్తం చూపించాడు. "ఇదేనా లైబ్రరీ?"

"తప్పు నాదే సర్. పోస్టర్ సంగతి చెప్పింది నేనే."

"వాడికి దండం ఎందుకు పెట్టావు?"

"కాలు తగిలింది సర్. మనిషికి కాలు తగిలితే తాకి కళ్ళకద్దుకుంటాం."

"వాడు విలన్ కదా!"

"కాలు తగిలాక మంచివాడా చెడ్డవాడా అని చూడం సర్."

అతను ఫోన్ మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. వీడియో వెనక్కి జరిపి, కర్ర కిందపడిన చోట ఆపాడు. మళ్ళీ చూశాడు. మళ్ళీ ఆపాడు. "ఫిజియోథెరపీ అమ్మాయి రెండు నెలల్నుంచి బతిమాలుతోంది, కర్ర వదిలి ఒక్క అడుగు వెయ్యమని" అన్నాడు మెల్లగా. "నాన్న పోయాక అమ్మ ఇలా నవ్వడం నేను చూడలేదు." కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తర్వాత, మళ్ళీ సూపర్‌వైజర్ గొంతుతో, "వచ్చే పోటీలకి నాకూ ఒక టికెట్ తీసుకో. ముందు వరస మాత్రం వద్దు" అన్నాడు. "అబ్బాయి ఎక్కడికీ వెళ్ళడు. అయినా ఇల్లు నాది, నిన్నెవరడిగారు?" అన్నారు మామ్మగారు, టోస్ట్‌కి వెన్న రాస్తూ.

వెళ్ళేటప్పుడు ఇరుకు గుమ్మంలో నా సూట్‌కేస్ అడ్డొచ్చి, అతని బూటు నా పాదం మీద పడింది. ఒక అడుగు బయటికి వేసినవాడు ఆగాడు. వెనక్కి తిరిగి, మొహం ఎర్రబడగా, నా భుజం తాకి, ఆ వేళ్ళు తన కళ్ళజోడుకి ఆనించుకుని, ఏమీ జరగనట్టు కారెక్కాడు. నేను సూట్‌కేస్ మీదే కూలబడి ఏడ్చేశాను. ఆ దేశంలో అడుగుపెట్టాక మొదటిసారి ఇది నా ఇల్లు అనిపించింది.

ఆ గదిలో రెండేళ్ళున్నాను. ఆ ఊళ్ళో నా మొహం ఎవరికీ తెలియని రోజులు పోయాయి. కౌంటర్ దగ్గర పాలడబ్బా స్కాన్ చేస్తుంటే ఎవరో ఒకరు నన్ను పోల్చుకుని, "బూ!" అని నవ్వేవారు. బస్ డ్రైవర్ అనేవాడు, పాప్‌కార్న్ పిల్ల అనేది. నేను కూడా వంగి దండం పెట్టేవాణ్ణి. పిల్లలు సంబరపడి ఇంకోసారి పెట్టించుకునేవారు.

ఇప్పుడు ఎడ్మంటన్‌లో ఉద్యోగం, సొంత ఇల్లు, లెక్కకు మిక్కిలి తలుపులు. ఇక్కడ అందరూ నన్ను ఎంతో మర్యాదగా పలకరిస్తారు, ఒక్కరూ బూ అనరు. అందుకే శనివారం మధ్యాహ్నం ఫోన్ పక్కనే పెట్టుకుని కూర్చుంటాను. మామ్మగారు తుంటి కబుర్లు చెబుతారు, కొడుకుతో కలిసి వెళ్ళిన పోటీల గురించి చెబుతారు, నేను తిన్నానో లేదో అడుగుతారు. అన్నీ అయ్యాక, ఫోన్ పెట్టేసే ముందు, తెనాలిలో మా అమ్మ "జాగ్రత్త నాన్నా" అనే గొంతుతోనే, "బూ" అంటారు.