తిరుత్తణిలో బ్రిటిష్ పద్ధతి

పొద్దున చదివింది సాయంత్రానికల్లా పదిమందికి చెప్పకపోతే అన్నం సహించని వయసు ఒకటి ఉంటుంది. నాకది ఇరవై రెండో ఏట వచ్చి, ఉండవలసిన దానికంటే చాలాకాలం ఉండిపోయింది. ఆ రోజుల్లో నా చదువంతా తిరువళ్ళూరు లైబ్రరీలోనే. కాలేజీ గడప తొక్కలేదు కానీ, లైబ్రరీలో కిటికీ పక్క బల్ల మాత్రం నా సొంతమన్నంత ధీమాగా కూర్చునేవాణ్ణి. (లైబ్రేరియన్ గారు ఒకసారి నన్ను లేపి ఆ బల్ల నా చేతనే తుడిపించారు, అది వేరే విషయం.) అక్కడ ఇంగ్లీషు పుస్తకాల అడుగు అరలో నాకొక లావు పుస్తకం దొరికింది. బ్రిటన్‌లో ఏ సినిమా ఏ వయసు వాళ్ళు చూడొచ్చో ఎలా నిర్ణయిస్తారు, దాన్ని ఎవరికి ఎలా అమ్ముతారు, ఏ ఊరికి ఎప్పుడు పంపుతారు అన్నదంతా అందులో ఉంది. వెనక అట్టకు అంటించిన కాగితం మీద తేదీ ముద్ర ఒక్కటీ లేదు. ఇంకొకడైతే ఇది ఎవరికీ పనికిరాని పుస్తకమని అనుకునేవాడు. నేను మాత్రం ఈ విద్య ఇన్నాళ్ళూ నా కోసమే దాచిపెట్టారనుకుని, నిఘంటువు పక్కన పెట్టుకుని నెలన్నర చదివాను.

అప్పుడు నాకు ఉద్యోగం తిరుత్తణిలో, ఒక సినిమా థియేటర్లో. పొద్దున రైలెక్కి పోవడం, టికెట్లు చింపడం, నోటీసులు అచ్చు వేయించడం, సాయంత్రం రైలెక్కి రావడం. యజమానిని మేమంతా తమిళంలో మొదలాళి అనేవాళ్ళం. ప్రొజెక్టర్ నడిపే పెద్దాయన ఊరందరికీ ఆపరేటర్ మామ. ఆయన నన్ను పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు, ‘లైబ్రరీ’ అనేవాడు. అందులో మెప్పెంతో, ఎగతాళి ఎంతో ఇప్పటికీ నేను తేల్చుకోలేదు. ఒకసారి మొదలాళి పెద్ద హీరో సినిమా కోసం మద్రాసు పోతే, పంపిణీదారు దానితోపాటు ఎవరూ అడగని ఒక బ్రిటిష్ సినిమాను కూడా అంటగట్టి పంపాడు. మాటలు తమిళంలో చెప్పించారు. కథ చిన్నది. సముద్రం ఒడ్డున ఒక ఊరు, మొగుడు పోయిన డెబ్బై ఏళ్ళ ఆవిడ, ఇంట్లో వాళ్ళు వద్దంటున్నా ఈత నేర్చుకుంటుంది. రెండు రోజులు మధ్యాహ్నం ఆటకు వేసి వెనక్కి పంపేద్దామన్నాడు మొదలాళి. నాకు మాత్రం పుస్తకంలోని మొదటి అధ్యాయం కళ్ళముందు మెరిసింది.

“ఈ పడం ఎవురికి, మామా?” అన్నాను. (మా వైపు సినిమా అంటే పడమే.)

“టికెట్టు కొన్నోళ్ళకి,” అన్నాడు ఆపరేటర్ మామ.

“అట్ల కాదు. బ్రిటన్‌లో పడం రాకముందే ఎవురు చూస్తారో తేల్చుకుంటారు. వయసెంత, ఆడోళ్ళా మొగోళ్ళా అని. దాన్నిబట్టి పోస్టరు, దాన్నిబట్టి ఆట టైము.”

“మనకాడ వానొస్తే లోపలికొస్తారు, కరెంటు పోతే బయటికి పోతారు. అంతే గదప్పా.”

నేను వదల్లేదు. బ్రిటన్‌లో పెద్ద వయసు వాళ్ళ కోసం పగటిపూట ప్రత్యేకంగా ఆటలు వేసి టీ, బిస్కెట్లు ఇస్తారని పుస్తకంలో ఉంది. మన సినిమా కూడా పెద్ద వయసు ఆడవాళ్ళదే కాబట్టి మనమూ అలాగే చేద్దామని మొదలాళిని మూడు రోజులు వేధించాను. ఎలాగూ మధ్యాహ్నం ఆటకు నిద్రపోవడానికి వచ్చేవాళ్ళే ఎక్కువ కాబట్టి, ఆయన “ఏదో చేసుకో పో” అన్నాడు.

ఇక చూసే ఆడవాళ్ళు కావాలి. మా అక్కను ఇచ్చింది తిరుత్తణిలోనే. వాళ్ళ ఇంటి మిద్దెమీద నిలబడితే మా థియేటర్లో పాటలు వినిపిస్తాయి. అయినా పెళ్ళయిన ఐదేళ్ళలో ఆమె ఒక్క సినిమా చూడలేదు. బావ మంచివాడే, కానీ ఆ ఇంట్లో మాట ఆయనది కాదు, వాళ్ళమ్మది. అత్త చెడ్డదని కాదు. కృత్తిక నాడు కొండమీద గుడిలో భజన చేసే ఆడవాళ్ళకు ఆమె పెద్ద. తన వల్ల ఎవరూ ఒక మాట పడకూడదని బతికిన మనిషి. నేను మాట ఎత్తగానే అక్క నన్ను వంటింట్లోకి లాగింది.

“రేయ్, బజారు వీధిలో టైలరింగ్ నేర్పిస్తా ఉండారు. పోతానని అడిగినా. చూస్తాంలే అనింది అత్త. ఆమె నన్ను బయటికి తీసుకొని పొయ్యేది ఇదే మొదలు. ఇది బాగా జరిగితే దానికీ సరే అంటాది. నువ్వేమన్నా తిక్క పని చేసినావంటే నా బతుకు మళ్ళా ఈ పొయ్యికాడే.”

“నేనెందుకు చేస్తానక్కా, అన్నీ పుస్తకంలో ఉండేదే,” అన్నాను. (ఆ మాటతో ఆమెకు భయం వేయవలసింది.)

అత్త నన్ను ఎదురుగా కూర్చోబెట్టి ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. “అబ్బయా, పడంలో చూడరానిది ఏమన్నా ఉండాదా? ఉంటే ఇప్పుడే చెప్పు. నాతో ఏడుమంది వస్తారు.”

నేను సూటిగా జవాబు చెప్పకుండా ఉపన్యాసం ఎత్తుకున్నాను. బ్రిటన్‌లో వయసు ముద్ర ఒక్కటే వేసి ఊరుకోరనీ, ఆ ముద్ర ఎందుకు వేశారో కూడా పక్కనే ఒక్క ముక్కలో రాస్తారనీ, కొట్లాట ఉంటే కొట్లాట, బూతు ఉంటే బూతు అని ముందే చెప్పేస్తారనీ, మా థియేటరు కూడా ఇకమీద అదే పద్ధతి పాటిస్తుందనీ చెప్పాను. అత్తకు ఆ పద్ధతి ఎంతగానో నచ్చింది. “ముందే చెప్పేసేది మంచిదే గదా,” అని తలూపింది. తన ప్రశ్నకు నేనింకా జవాబు చెప్పలేదన్న సంగతి నా మాటల వరదలో ఆమె గమనించలేదు. నేనూ గమనించలేదు. ఎందుకంటే జవాబు అప్పటికే అచ్చుకు పోయింది.

నోటీసులో కథ గురించి నాలుగు మాటలు, టీ బిస్కెట్ల సంగతి, అడుగున గీత గీసి బ్రిటిష్ పద్ధతిలో హెచ్చరిక: “ఈ చిత్రంలో రెండు చోట్ల దుఃఖం, ఒక చోట కోపపు మాట, ఒక చోట క్షణకాలం నగ్నత్వం.” అంతా తమిళంలోనే. ఆ నగ్నత్వం ఏమిటంటే, ముసలావిడ తెల్లవారుజామున, ఎక్కడో దూరాన, వీపు మనవైపు ఉండగా కోటు విప్పి సముద్రంలోకి నడిచిపోతుంది. అచ్చుకు పంపేముందు ఆపరేటర్ మామ దాన్ని చదివి కళ్ళద్దాలు తీశాడు.

“ఆ కడాపటి మాట తీసెయ్ రా లైబ్రరీ.”

“ఉన్నది ఉన్నట్టు చెప్పాల మామా. బ్రిటన్‌లో అట్లనే వేస్తారు.”

“బ్రిటన్‌లో మన బస్టాండు ఉండాదా?”

ఆ ప్రశ్నకు జవాబు మర్నాడే దొరికింది. మైకు కట్టిన ఆటో వాడికి నోటీసు మొత్తం చదివే ఓపిక లేదు. బస్టాండు నుంచి నేతగాళ్ళ ఊరు పొదటూరుపేట దాకా ఆ చివరి ముక్క ఒక్కటే చదువుకుంటూ పోయాడు, అక్కావాళ్ళ వీధికి మాత్రం రాలేదు. అందులోనూ ‘క్షణకాలం’ వదిలేశాడు.

ఆట రోజు మధ్యాహ్నానికి మా థియేటరు ముందు పెద్ద హీరో సినిమాకు కూడా లేనంత వరుస. పొదటూరుపేట నుంచి మగ్గాలకు సెలవు పెట్టి వచ్చినవాళ్ళు, పెళ్ళి కావలసిన వాళ్ళు, మనవళ్ళున్న వాళ్ళు, తలకు తువ్వాలు చుట్టి ఒకరినొకరు చూడనట్టు నిలబడ్డవాళ్ళు. టీ, బిస్కెట్లు వాళ్ళే ముగించారు. అత్త, అక్క, భజన ఆడవాళ్ళు ఏడుగురు వచ్చేసరికి దీపాలు ఆరిపోయాయి. చీకట్లో నేనే వాళ్ళను నడిమి వరుసలో కూర్చోబెట్టాను. వెనక్కి వెళ్ళిపొమ్మని అప్పుడే చెప్పి ఉండవచ్చు. కానీ హాలు నిండింది కదా, పుస్తకం నెగ్గింది కదా అన్న మత్తులో ఉన్నాను.

గంటసేపు తెరమీద వాన, పిల్లి, రొట్టె, ముసలావిడ దగ్గు. మగవాళ్ళు గుడిలో ప్రసాదానికి కూర్చున్నంత నెమ్మదిగా కూర్చున్నారు. తర్వాత వెనక నుంచి “ఎప్పుడప్పా వేసేది?” అని ఒక గొంతు. “ఆపరేటర్ కత్తిరించేసినాడు రా,” అని ఇంకొకటి. అప్పుడు ఆ సముద్రం వచ్చింది. డెబ్బై ఏళ్ళ వీపు ఒకటి దూరంగా నీళ్ళలోకి దిగింది. వెనక వరుసలో ఎవడో లేచాడు.

“దీనికా మేము లీవు పెట్టి వచ్చింది?”

ఈలలు, కుర్చీల చప్పుడు, నవ్వులు. ఎవడో సెల్‌ఫోన్ లైటు వేసి నడిమి వరుస వైపు తిప్పాడు. “అవ్వా, మీరూ దీనికేనా వచ్చినారు?”

అత్త లేచింది. ఆమె లేస్తే మిగతా ఎనిమిది మందీ లేచారు. గేటు దగ్గర నేను నిలబడి ఉన్నాను. ఒక్కొక్కరే తలమీద కొంగు వేసుకుని నన్ను దాటి పోయారు. చివర అక్క. ఆమె కాళ్ళు వాకిలి వైపు నడుస్తున్నాయి, మొహం మాత్రం తెరవైపే ఉంది. ఆ ముసలావిడ అలల్లో మొదటిసారి చేతులు చాపి తేలుతోంది. అక్క గడప తట్టుకుని తూలింది. అప్పుడు కూడా వెనక్కే చూసింది.

“నేను అడిగినాను గదా అబ్బయా,” అంది అత్త, బయట.

“నోటీసులో వేసినా అత్తా.”

“అడిగింది నేను. చెప్పింది ఊరికా?”

ఆమెకు భజన పుస్తకంలో తెలుగు తప్ప తమిళం చదవడం రాదని నాకు తెలుసు. ఊరందరికీ నిజం చెప్పి, అడిగిన ఒక్క మనిషికి మాత్రం చెప్పలేదు. పుస్తకంలో దీనికి అధ్యాయం లేదు. టైలరింగ్ మాట ఆ ఇంట్లో మళ్ళీ రాలేదు. అక్క నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే, ఇన్నేళ్ళూ ఏదో ఒక జవాబు తయారు చేసుకునేవాణ్ణేమో.

ఇప్పుడు ప్రతి ఫోన్‌లోనూ సినిమా మొదలయ్యే ముందు తెర మూలన ఆ బ్రిటిష్ పద్ధతి ముక్క కనబడుతుంది, భాష, హింస, నగ్నత్వం అంటూ. జనం దాన్ని చూడను కూడా చూడరు. మొన్న ఆ సినిమా నాకు ఫోన్‌లో దొరికింది. పరిగెత్తుకుని తిరుత్తణి పోయాను. అత్త పోయి రెండేళ్ళయింది. అక్కకు కళ్ళద్దాలు వచ్చాయి. ఫోన్ చేతికిచ్చి, “ఆ పొద్దు ఆగిపోయిన కాడి నుంచి పెడతానక్కా,” అన్నాను.

“వద్దులే రా,” అంది. “కడాపట ఏమయ్యేది నేనెప్పుడో అల్లుకున్నా. ఆయమ్మ బాగా ఈదేసి, ఒడ్డుకొచ్చి, కోటు వేసుకొని, నిమ్మళంగా ఇంటికి పోయింది. యాడికి పొయినావని ఎవురూ అడగలా.”

సినిమాలో అలా జరగదు. నోటీసు రాయకముందే నేనూ ఆపరేటర్ మామా మొత్తం వేసి చూసినవాళ్ళమే. దర్శకుడు దాన్ని అలా ఎందుకు ముగించాడో, బ్రిటన్‌లో అటువంటి ముగింపులు ఎవరికి నచ్చుతాయో కూడా నాకు తెలుసు. నోటిదాకా వచ్చింది కూడా. అక్క నా మొహం చూసి, ఏదో చెప్పబోతున్నానని చిన్నగా నవ్వుతూ ఎదురుచూసింది.

“అంతేనక్కా,” అని, ఫోన్ జేబులో పెట్టుకున్నాను.