పదకొండు డబ్బాల కరెంటు

సహోదరులారా, సహోదరీలారా, రెండేళ్ల క్రితం నేను ఈ మందిరంలోనే వెనక వరుసలో కూర్చుని, బయట కరెంటు ఆఫీసు బండి ఏమైనా ఆగిందేమోనని పాటల మధ్యలో కూడా అటే చెవి పెట్టేదాన్ని.

నా పేరు విమల. మా ఆయన ప్రకాశం ఉప్పుగూడ గల్లీల్లో ఇళ్లకు ఇంటర్నెట్ ఇస్తాడు. లైన్లు ఆయన చూసుకుంటే ఖర్చులు నేను చూసుకుంటాను. పెద్ద కంపెనీకి మేము కట్టే చార్జీ ఏటా పెరుగుతుంది, పోటీవాళ్లకు భయపడి మేము మాత్రం రేటు పెంచలేము. గల్లీ మలుపుల్లో ఇళ్లకు నెట్ పంచే మా డబ్బాలు పదకొండు ఉన్నాయి, అవి ఆగితే ఇళ్లలో నెట్ ఆగుతుంది. వాటికి పక్క ఇళ్ల నుంచి కరెంటు తీసుకుని నెలనెలా డబ్బిచ్చేవాళ్లం. ఆ ఖర్చు మిగిల్చుకుందామని, వీధి దీపాల స్తంభాల నుంచి తీగ లాగమని మా లైన్‌మన్ యాదయ్యకు నేనే చెప్పాను. మా ఆయన వద్దన్నాడు, నేను వినలేదు. ఆ నెల నుంచే నాకు తిన్న అన్నం ఒంటబట్టలేదు, అయినా మానుకోలేదు.

వానాకాలంలో ఒక మధ్యాహ్నం డబ్బా ఒకటి ఆగిపోతే యాదయ్య నిచ్చెన ఎక్కాడు. తడిసిన తీగ తగిలి కింద పడ్డాడు. కుడి చెయ్యి కాలింది, స్పృహ లేదు. ఆసుపత్రి వరండాలో నేల మీద కూర్చుని ప్రార్థించాను: "ప్రభువా, తీగ వేయించింది నేను, కాలింది అతని చెయ్యి. అతన్ని బతికించు తండ్రీ. దాచినదంతా నా నోటితోనే చెప్తాను."

సాయంత్రానికి యాదయ్య కళ్లు తెరిచాడు. దేవునికే మహిమ. నేను ఏడుస్తూ క్షమించమంటే అతను, "అక్కా, నువ్వు చెప్పినవ్, నేను ఏసిన. ఇప్పుడు ఏడిస్తే ఏం ఫాయిదా? ఇంకెవలకన్న తగలకముందే కడమ తీగలు తీపియ్యి" అన్నాడు.

మర్నాడే అన్నీ తీయించి, మా ఆయనతో కలిసి కరెంటు ఆఫీసుకు వెళ్లి ఒప్పుకున్నాను. జరిమానా వేశారు, కట్టాము. కరెంటు లేక డబ్బాలు మాత్రం చల్లబడి ఉన్నాయి, నెట్ రావట్లేదని ఫోన్ మోగుతూనే ఉంది. జరిమానా కట్టాక మళ్లీ పదకొండు ఇళ్లకూ నెలనెలా డబ్బిచ్చే స్తోమత లేదు. ఏం చేయాలో తోచక, మా డబ్బా ఒకటి ఉన్న మలుపులోనే లక్క గాజులు చేసే షాహనాజ్ ఆపా ఇంటికి వెళ్లి జరిగిందంతా చెప్పాను.

"ముందే అడిగితే ఏమైతుండె విమలా?" అంది ఆపా. "నాకు పైసలొద్దు. పిల్లలకు నెట్ ఫ్రీగ ఇయ్యి, డబ్బ మా ఇంట్లనే పెట్టుకో. కరెంట్ బిల్ నేను చూస్కుంట."

సహోదరులారా, అంత తేలికైన దారి నా లెక్కల్లో ఎప్పుడూ తట్టలేదు. నెట్ మేము ఎలాగూ కొన్నదే, ఒక ఇంటికి ఊరికే ఇస్తే మాకు పోయేది చాలా తక్కువ. ఆపాతో కలిపి తొమ్మిది ఇళ్లవాళ్లు ఒప్పుకున్నారు, ఇద్దరు కాదన్నారు, ఆ రెండు డబ్బాల కరెంటుకు ఈనాటికీ నెలనెలా డబ్బిస్తున్నాం. ఇళ్లలోకి చేరాక డబ్బాలు వానకు పాడవడం తగ్గింది, రిపేరు ఖర్చూ తగ్గింది.

యాదయ్య రెండు వేళ్లు ఇప్పటికీ పూర్తిగా వంగవు. ఇప్పుడు మా ఆఫీసులో కూర్చుని కంప్లయింట్లు రాసుకుంటాడు. ఏదీ దాచకుండా చెప్పమని నన్ను ఇక్కడికి పంపింది అతనే.

మీలో ఎవరికైనా నాలాగా లోపల ఒక భయం ఉంటే, అది ప్రమాదం దాకా పోకముందే దేవునికి చెప్పండి, ఆ తర్వాత చెప్పాల్సిన మనిషికీ చెప్పండి. దేవుడు నన్ను తోసివేయలేదు, మిమ్మల్నీ తోసివేయడు. నేను ఇప్పుడు కడుపునిండా తింటున్నాను, హాయిగా పడుకుంటున్నాను. ఆయనకే స్తోత్రం.