మంగళవారం సంతలో ఎనిమిది లారీలు

ఎనిమిది లారీలను, ఒక గూడ్సు బండిని, ఎక్కడో రేవులో లంగరేసుకున్న ఓడను కలిపి ఒక్క ఉల్లిగడ్డల కుప్ప ముందు ఆపేసిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చూడండి. పేరు స్వరూప. ఊరు చండ్రుగొండ దగ్గర. ఈ సంగతి చెప్పుకోవడానికి నిజానికి నేను సిగ్గుపడాలి. కానీ చివరికి వచ్చేసరికి సిగ్గుకంటే గర్వమే ఎక్కువవుతుంది. ముందే చెబుతున్నాను, ఓర్చుకోండి.

అప్పటికి నేను సరుకు రవాణా కంపెనీలో చేరి ఏడాది కాలేదు. సరుకు లారీలో ఎప్పుడు బయల్దేరాలి, రైలు డబ్బాలోకి ఎప్పుడు మారాలి, రేవుకు ఎప్పుడు చేరాలి, ఇవన్నీ కంప్యూటర్లో గళ్లు గీసి నింపడం నా పని. మా అమ్మ కోటమ్మ దృష్టిలో అది పనే కాదు.

"లారీ నువ్వు తోలవు, మూట నువ్వు మొయ్యవు. మరి జీతమెందుకిస్తున్నరే నీకు?" అనేది.

ఆమె నోరు మూయించే అవకాశం ఆ ఏడు మిరప కోతలయ్యాక వచ్చింది. మా చుట్టుపక్కల నలభై కుటుంబాలు సంఘం పెట్టుకుని, మొదటిసారి తమ ఎండుమిర్చిని తామే విదేశానికి పంపబోతున్నాయి. "మన పిల్ల ఉన్నది గదా, ఆమే చూసుకుంటది" అని రవాణా మా కంపెనీకే ఇచ్చారు. మూడో లారీలో ఎక్కే బస్తాలు మా అమ్మ చేనువి. సరుకు సమయానికి చేరకపోతే ఓడ ఆగదు. అవతల కొనేవాడు మళ్లీ ఈ సంఘం మొహం చూడడు. నలభై ఇళ్ల వాళ్లు ఏడాదంతా మోసిన ఆశ నా చేతిలో ఉంది. నేనేమో ఆ బరువు తెలియకుండా గాల్లో తేలుతున్నాను.

కొత్తగూడెం గూడ్స్ షెడ్డులో మాకు మంగళవారం రైలు పెడతామన్నారు. లారీలు పన్నెండుకల్లా అక్కడుండాలి. పెద్ద రోడ్డు మీద కల్వర్టు పనులు జరుగుతున్నాయి, అటు వెళితే గంటలకు గంటలు నిలబడాల్సిందే. వేరేవాళ్లయితే బెంబేలెత్తేవాళ్లు. నేను ఇక్కడే పుట్టి పెరిగినదాన్ని, అడవి అంచున ఇంకో దారి ఉందని నాకు తెలుసు.

ఆ దారిని స్కూటీ మీద ఆరుసార్లు సర్వే చేశాను. ఆరుసార్లూ ఆరు వేర్వేరు రోజుల్లో! మలుపులు లెక్కపెట్టాను. రోడ్డు మీదికి వంగిన కొమ్మల ఎత్తు వెదురుకర్రతో కొలిచాను. కాకినాడ వైపు నుంచి వచ్చిన మా మేనేజరు గారు నా కాగితాలు తిరగేసి, "ఈ దారి ఖాయమేనాండి, స్వరూప గారూ?" అన్నారు.

"సార్, ఈ దారిల బర్రెలు ఎన్ని గంటలకు రోడ్డు దాటుతయో గూడ రాసిన."

"అబ్బో! అయితే ఇంకేం కావాలండి!"

ఆ "అబ్బో"తో నా కాళ్లు నేల మీద ఆనలేదు. డ్రైవర్లను పిలిచి తలా ఒక కాగితం ఇచ్చి, "దీంట్ల ఎట్లుంటే అట్ల నడవాలె. నడిమిట్ల సలహాలొద్దు" అని ఆర్డరేశాను. ముందు లారీ యాకూబన్నది. మా నాన్న ఈడు మనిషి, ఈ దారుల్లోనే జుట్టు నెరిసినవాడు. కాగితం చూసి తల గోక్కున్నాడు.

"మేడం, మంగళారం గదా..."

"అవ్, మంగళారమే. ఏమన్నా కష్టమా?"

"నాకేం కష్టం మేడం. మీరే రాసిన్రు గదా" అని నవ్వాడు. ఆ నవ్వును నేను మర్యాద అనుకున్నాను.

మంగళవారం ఉదయం ఎనిమిదికి బయల్దేరాం. యాకూబన్న పక్కన ఫైలు ఒళ్లో పెట్టుకుని పెళ్లికూతురిలా కూర్చున్నాను. బర్రెలు నేను రాసిన సమయానికే రోడ్డు దాటాయి. తొమ్మిదికి ఒక మలుపు తిరిగాం. మలుపు తర్వాత రోడ్డు లేదు. రోడ్డు ఉండాల్సిన చోట టమాటాలున్నాయి. వాటి పక్కన వంకాయలు, కోళ్ల గంపలు, గాజులు, ఎండు చేపలు. పైన ఈ చెట్టు నుంచి ఆ చెట్టుకు పరదాలు.

"యాకూబన్నా, ఏందిది?"

"సంత మేడం."

"రోడ్డు మీదనా?"

"ప్రతి మంగళారం మేడం."

"మరి నాకు చెప్పొద్దా?"

"సలహాలొద్దన్నరు గదా మేడం."

మీకు ఇక్కడొక నిజం చెప్పాలి. ఆ సంత నాకు కొత్త కాదు. చిన్నప్పటి నుంచి ప్రతి మంగళవారం అమ్మ కొంగు పట్టుకుని వెళ్లినదాన్ని. ఆఫీసులో వారానికొక్క సెలవు కూడా మంగళవారమే అడిగి మరీ తీసుకున్నాను, సంతకు వెళ్లొచ్చని. అందుకే నా ఆరు సర్వేల్లో మంగళవారం లేదు. ఆ రోజు నేను సంతలో ఉండేదాన్ని! సంతకు ఎప్పుడూ చేల గట్ల మీదుగా నడిచి వెళ్లేవాళ్లం. సంత ఎక్కడో తెలుసు, రోడ్డు ఎక్కడో తెలుసు. రెండూ ఒకే చోట ఉన్నాయని మాత్రం ఈ బుర్రకు తట్టలేదు.

వెనక్కి తిప్పుదామంటే చివరి లారీ వెనక అప్పటికే ఆటోలు, మోటారుసైకిళ్లు కిక్కిరిశాయి. యాకూబన్న హారన్ కొట్టాడు. ముందున్న ఉల్లిగడ్డల పెద్దాయన తలెత్తి చూసి, తన తక్కెడను మా లారీ అద్దానికి తగిలించాడు. పరదా తాడు కూడా బంపరుకు కట్టాడు.

"తాతా, ఏం చేస్తున్నవ్?"

"లారీ జరసేపు ఈడ్నే ఉంటది గదా బిడ్డా? నీడ మంచిగున్నది."

అంతలో మేనేజరు గారి ఫోను. "ఎక్కడున్నారండి?"

"దారిలనే ఉన్న సార్."

"వెనకాల కోళ్లు కూస్తున్నాయేంటండి?"

"పల్లెటూరు గదా సార్" అని ఫోను పెట్టేశాను. పది దాటింది, పదిన్నర దాటింది. నలభై ఇళ్ల వాళ్లకు ఏం చెప్పాలి?

అప్పుడు కింద నుంచి తెలిసిన గొంతు. "ఏమే, పనున్నది, ఈ వారం సంతకు రానంటివి. లారీలేసుకొని వచ్చినవా?"

ఒక చేతిలో సంచి, ఇంకో చేతిలో కాళ్లు కట్టిన కోడి. మా అమ్మ. నేను మొత్తం చెప్పేశాను. ఆమె మూడో లారీ వైపు ఒకసారి చూసింది.

"నా మిరపకాయలు ఓడెక్కుతయంటివి. సంతకు తెచ్చినవేందే?"

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. కోడిని నా ఒళ్లో పడేసి, లారీ మెట్టెక్కి, తలుపు పట్టుకుని నిలబడి గొంతెత్తింది. "ఓ అయ్యలారా, అమ్మలారా! ఇవి మన కాయలు! సముద్రం దాటి పోతున్నయ్! జల్దీ పరదాలు లేపుండ్రి!"

సంతలో సగం మంది సంఘం వాళ్లే, మంగళవారం వాళ్లింకెక్కడుంటారు! తమ బస్తాలను చూసి పరుగెత్తుకొచ్చారు. వెదురుకర్రలతో ఒక్కో పరదా పైకి లేచింది, గంపలు పక్కకు జరిగాయి. ఇప్పపువ్వు అమ్ముతున్న ఒక కోయ అవ్వ వాళ్ల భాషలో ఏదో అడిగింది. అమ్మ అదే భాషలో జవాబిచ్చింది. అవ్వ పకపకా నవ్వి, గంప జరిపి, గుప్పెడు ఇప్పపువ్వు లారీ మీద చల్లింది.

"ఏమన్నదే అమ్మా?"

"ఎవరి పెండ్లని అడిగింది. మిరపకాయల పెండ్లి, అత్తగారిల్లు సముద్రమవతల అని చెప్పిన."

ఎంత పెద్ద నాయకుల బండ్లొచ్చినా కదలని సంత, ఆ రోజు ఎనిమిది లారీలకు దారిచ్చింది. యాకూబన్న ఒక్క వంకాయ నలగకుండా లారీని జానెడు జానెడుగా నడిపాడు. నాకు కళ్లు చెమర్చాయి. ఇంత మంచి మనుషుల మధ్య పుట్టి ఇంత తెలివితక్కువ ప్లాను ఎలా రాశానా అని కూడా అనిపించింది.

కాయలు రైలెక్కేదాకా చూస్తానని అమ్మ కూడా లారీలోనే వచ్చింది. పన్నెండుకు పది నిమిషాలుండగా గూడ్స్ షెడ్డుకు చేరాం. మేనేజరు గారు ఎదురొచ్చి లారీని కిందికీ పైకీ చూశారు.

"అద్దానికి ఆ తక్కెడేంటండి? ఈవిడెవరండి?"

"మా అమ్మ సార్."

"ప్లానులో లేరు కదండీ?"

మెట్టు దిగుతూ అమ్మే అందుకుంది. "ప్లానుల అంత పెద్ద సంతనే లేదంట. నేనెట్లుంట సార్?"

బస్తాలన్నీ రైలెక్కాయి. చివరి డబ్బా కనుమరుగయ్యేదాకా అమ్మ కోడిని చంకలో పెట్టుకుని చూస్తూనే ఉంది. సరుకు ఓడకు అందింది. అవతలివాళ్లు మరుసటి ఏడు కూడా మా కాయలే అడిగారు. ఇప్పుడు మా కంపెనీ ప్లానుల్లో రైలు వేళలు, ఓడ వేళల పక్కన ఇంకో గడి ఉంటుంది, 'సంత' అని. ఏ రోజు ఏ ఊళ్లోనో అమ్మ ఫోన్లో చెబుతుంది, నేను నింపుతాను. నాకు జీతమెందుకిస్తారని ఇప్పుడు అడగదు. తనకెందుకివ్వరని అడుగుతుంది.

మరుసటి మంగళవారం తక్కెడ తిరిగివ్వడానికి వెళ్లాను. దాని మీద చెయ్యి వేసి, ఉల్లిగడ్డల సాక్షిగా ప్రమాణం చేశాను: ఈ జన్మలో ఈ సంతకు చేతిసంచితో తప్ప రాను.

పెద్దాయన నా వెనక్కి తొంగిచూసి, నిరాశగా అడిగాడు.

"లారీ తేలేదా బిడ్డా? నీడ మంచిగుండె."