పల్లికాయ పొట్టు

ఎనభైల్లో ఒకసారి ములుగు బస్సులో నా పక్కన ఒక యువకుడు, కిటికీ దగ్గర అతని తల్లి కూర్చున్నారు. అతను పల్లికాయలు తింటూ పొట్టంతా రుమాలులో వేసుకుంటున్నాడు. నేనూ పల్లికాయలే తింటున్నాను, నా పొట్టు నా కాళ్ల దగ్గరే పడుతోంది.

"పొట్టు దాసుకుంటున్నవేంది తమ్మీ?" అన్నాను.

"అలవాటైందన్నా. దక్షిణ ధ్రువం దిక్కు మంచుల సైంటిస్టుల క్యాంపుల జనరేటర్ మెకానిక్‌గ ఏడాది మీదనే ఉన్న. ఆడ మంచు మీద నూనె చుక్క సుత వడొద్దు. చెత్తంత మూటగట్టి ఓడల వాపస్ తెచ్చినం."

తల్లి గర్వంగా తలూపింది.

నాకు నలుగురినీ నవ్వించే దురద. "ఏడాది పత్తా లేవంటే మంచుల ఉన్నవా, అడవిల అన్నలల్ల ఉన్నవా?" అన్నాను గట్టిగా. బస్సంతా నవ్వింది. ఆ రోజుల్లో అక్కడి పల్లెల్లో నక్సలైట్లలో కలిశాడన్న అనుమానం చాలు, పోలీసులు ఇంటికి రావడానికి.

తల్లి కొడుకు చెయ్యి పట్టుకుంది. "నిజం చెప్పు బిడ్డా, ఏడికి వోయినవ్?"

"మంచుకేనే అవ్వా."

ఆమె చెయ్యి వదల్లేదు.

ఉత్తగనే అన్నానని ఒక్క మాట చెబితే సరిపోయేది. నవ్వినవాళ్ల ముందు తగ్గలేక నేను వేరేవైపు చూస్తూ కూర్చున్నాను.

దిగేముందు అతను వంగి, నా కాళ్ల దగ్గరి పొట్టును కూడా ఒంటిచేత్తోనే రుమాలులోకి ఎత్తుకున్నాడు. రెండో చెయ్యి ఇంకా తల్లి చేతిలోనే ఉంది.