పొగ రాని పొయ్యి

ఈ పొద్దున టీ కొట్టు ముందు బొగ్గుల పొయ్యి పొగ కళ్ళలోకి కొట్టగానే మందమర్రిలో మేమున్న బొగ్గు గనుల కాలనీ గుర్తొచ్చింది. దోస్తులూ, మీకు యాదికున్నదా? తెల్లారితే ప్రతి గుమ్మం ముందూ ఒక పొయ్యి, పొగ పోయేదాకా బయటే ఉండేది. మా అవ్వ విసనకర్రతో మా పొయ్యి విసురుతూనే వరసంతా చూసేది.

ఒకరోజు పక్కింటి లచ్చక్క పొయ్యి బయటికి రాలేదు. అవ్వ పారలో నాలుగు నిప్పులు వేసుకుని వెళ్ళింది, వెనక నేను. చీకటింట్లో లచ్చక్క గోడకు ఒరిగి కూర్చుంది. ఏమైందని అవ్వ అడగలేదు.

"నిప్పు తెచ్చిన లచ్చక్కా. పొయ్యి ముట్టిస్త, జర చాయ్ తాగుదాం."

చాయ్ కాగేసరికి లచ్చక్క ఏడ్చింది. "మనిషితోని మాట్లాడక రెండు దినాలాయె" అంది.

ఈ పొద్దున టీ తాగి ఇంటికొచ్చేసరికి, కరీంనగర్‌లో మా ఎదురు ఫ్లాట్ ముందు నిన్నటిదీ ఇవాళ్టిదీ రెండు పాల ప్యాకెట్లు. లోపల ఒంటరిగా ఉండే ఆవిడ పేరు కూడా నాకు తెలియదు. బెల్లు దాకా వెళ్ళిన చేయి రెండుసార్లు వెనక్కి వచ్చింది. ఏమని పిలవాలి? అవ్వకైతే చేతిలో నిప్పుండేది.

చివరికి ఇవాళ్టి ప్యాకెట్ చేతిలోకి తీసుకుని బెల్లు కొట్టాను. మళ్ళీ కొట్టాను. చాలాసేపటికి లోపల గొళ్ళెం కదిలింది. నేనూ ఏమైందని అడగలేదు.

"పాలు తెచ్చినక్కా" అన్నాను.